కొత్వాలు కాగితాలలో ఢిల్లీ: 1857 నాటి నగర జీవితం

హిజ్రీ 1273 రమజాన్ 16, అనగా 1857 మే 11, సోమవారం. మీరట్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసిన సిపాయీలు ఆ ఉదయం యమునా నది మీది పడవల వంతెన దాటి ఢిల్లీ నగరంలో ప్రవేశించారు. నగరవాసులలో చాలామంది సహరీ ముగించి ఉపవాసంలో ఉన్నారు. ఆనాటి నుంచి సెప్టెంబరు మూడవ వారంలో నగరం మళ్ళీ బ్రిటిషు వారి వశమయ్యేవరకు నాలుగు మాసాలకు పైగా గడిచినవి. ఈ నాలుగు మాసాలను గురించి ఇంగ్లీషులోనూ ఉర్దూలోనూ అల్మారాలు నిండేటన్ని గ్రంథాలు వెలువడ్డాయి. వాటిలో యుద్ధవ్యూహాలు ఉన్నాయి, ద్రోహాలు ఉన్నాయి, వీరమరణాలు ఉన్నాయి. అయితే సుమారు లక్షన్నర జనాభా గల ఆ నగరం, పైగా వేల సంఖ్యలో వచ్చి చేరిన సైనికులతో కలిసి, పూట పూటకూ ఏమి తిన్నది? నీళ్ళు ఎవరు మోశారు? మోర్చా మీద గాయపడిన సిపాయిని తీసుకొచ్చి ఏ మంచం మీద పడుకోబెట్టారు? ఆ మంచం ఎవరిది? ఈ ప్రశ్నలు వేసినవారు బహు తక్కువ.

సమాధానాలు లేక కాదు. సమాధానాలు ఉన్నాయి. అవి న్యూఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో మ్యూటినీ పేపర్స్ అనే పేరుతో భద్రపరచబడి ఉన్నాయి. దాదాపు 20,000 కాగితాలు. 1921లోనే కలకత్తా నుంచి వాటి జాబితా ఒకటి గ్రంథరూపంలో అచ్చయినది. అయినప్పటికీ చాలాకాలం పాటు చరిత్రకారులు వాటి జోలికి ఎక్కువగా పోలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. కాగితాలలో అధికభాగం ఉర్దూలో, కొన్ని పారసీలో ఉన్నాయి. లిపి షికస్తా. నుక్తాలు వదిలివేసి, ఒక అక్షరాన్ని మరొక అక్షరంతో కలిపి, కలం ఎత్తకుండా వ్రాసుకుపోయే దఫ్తరు వ్రాత అది. అచ్చు ఉర్దూ చక్కగా చదువగలిగినవారు సైతం ఆ వ్రాత ముందు తడబడతారు. ఈ కాగితాలను విస్తారంగా వాడుకుని విలియం డాల్రింపుల్ 2006లో చివరి మొగల్ చక్రవర్తిని గురించి గ్రంథం వెలువరించారు. 2010లో మహమూద్ ఫారూఖీ వాటి నుంచి ఎన్నిక చేసిన పత్రాలను ఇంగ్లీషులోకి అనువదించి ప్రకటించారు. అప్పటినుంచే ఆ నగరపు సామాన్యుల గొంతు బయటి లోకానికి వినపడసాగింది.

ఈ కాగితాల విలువ తెలియాలంటే మిగతా ఆధారాలను వాటి పక్కన పెట్టి చూడాలి. హదీసు శాస్త్రం చదివినవారికి రావీని, అంటే ఉల్లేఖకుణ్ణి, పరీక్షించనిదే ఉల్లేఖనాన్ని స్వీకరించరాదని తెలుసు. ఆ కొలబద్దను ఇక్కడ ఉపయోగించి చూద్దాం. మున్షీ జీవన్ లాల్ దినచర్య వ్రాశాడు; ఆయన బ్రిటిషు ఏజెంటు కచేరీలో ఉద్యోగి, నగరంలో దాగి ఉండి వారికి సమాచారం అందజేసినవాడు. ముయీనుద్దీన్ హసన్ ఖాన్ తొలి రోజులలో కొత్వాలుగా పనిచేశాడు. తన వృత్తాంతాన్ని ఒక ఇంగ్లీషు స్నేహితుని కోరిక మీద, అంతా ముగిసిన తరువాత వ్రాశాడు. ఈ ఇద్దరి రచనలూ ఇంగ్లీషు అనువాదంలో ఒకే సంపుటంగా 1898లో అచ్చయినవి. ఇక మీర్జా గాలిబ్ పారసీలో వ్రాసిన దస్తంబూ 1858లో ఆగ్రాలో ముద్రితమైనది. ఆగిపోయిన పింఛను తిరిగి సంపాదించుకోవాలనే ఆశతో, కొత్త ప్రభువుల మెప్పు కోరి వ్రాసిన పుస్తకం అది. మౌల్వీ ముహమ్మద్ బాఖిర్ నడిపిన దెహ్లీ ఉర్దూ అఖ్బార్ దీనికి పూర్తిగా ఎదురు పక్షం. తిరుగుబాటును మనసారా సమర్థించి, జూలైలో తన పత్రిక పేరునే చక్రవర్తి పేరు మీద అఖ్బారుజ్జఫర్ అని మార్చుకున్నారు. వీరిలో ఎవరినీ అసత్యవాదులని త్రోసివేయనక్కరలేదు. కాని ప్రతి ఒక్కరికీ ఒక అక్కర ఉన్నది.

మరి తన ఎద్దుబండిని సిపాయీలు పట్టుకుపోయారని కొత్వాలుకు అర్జీ పెట్టుకున్న బండివాని అక్కర ఏమిటి? బండి తిరిగి రావాలి, అంతే. అతడు చరిత్ర వ్రాయడం లేదు. అసలు తానే వ్రాయడం లేదు. ఏ మున్షీ చేతనో వ్రాయించుకుంటున్నాడు. అర్జీలలో మర్యాద పదాలు, ప్రభువుకు దీవెనలు సంప్రదాయం కొద్దీ ఉంటాయి. వాటిని తీసివేస్తే మిగిలేది పచ్చి నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది. బాధను కొంచెం పెంచి చెప్పి ఉండవచ్చు. లేని బండిని మాత్రం పుట్టించి ఉండడు.

ఆనాటి ముట్టడి తీరు కొంత తెలిస్తే గాని ఈ అర్జీలు అర్థం కావు. జూన్ 8న బాద్లీ కీ సరాయ్ వద్ద గెలిచిన బ్రిటిషు సైన్యం నగరానికి వాయవ్యంగా ఉన్న పహాడీని, అంటే కొండవరుసను ఆక్రమించింది. ముట్టడి అనగానే నలువైపులా చుట్టుముట్టినట్లు తోస్తుంది. ఇక్కడ అలా జరగలేదు. అంతటి విశాలమైన ప్రాకారాన్ని చుట్టుముట్టడానికి సరిపడే సైన్యం బ్రిటిషు వారి వద్ద లేదు. కశ్మీరీ దర్వాజా, లాహోరీ దర్వాజా వైపున తుపాకి గుండ్లు కురుస్తుండగా దక్షిణాన అజ్మేరీ, తుర్క్‌మాన్, ఢిల్లీ దర్వాజాలు తెరిచే ఉండేవి. తూర్పున పడవల వంతెన మీదుగా రాకపోకలు సాగుతూనే ఉన్నవి. బరేలీ నుంచి జూలై మొదట్లో బఖ్త్ ఖాన్ తన సేనతో వచ్చినది ఆ వంతెన మీదుగానే. అంటే ధాన్యం రావడానికి త్రోవ ఉన్నది. కాని త్రోవలో దోపిడీ భయం ఉన్నది. కంపెనీ ప్రభుత్వపు పట్టు సడలగానే నగరం చుట్టుప్రక్కల బాటలు బాటసారులవి కాకుండా పోయాయి. బయటి బేహారి సరుకు తేవడానికి జంకాడు, లోపలి బనియా సరుకు తీయడానికి జంకాడు. కొరతకు మొదటి కారణం ఇదే.

బనియా భయం కూడా నిరాధారమైనది కాదు. తొలి రోజుననే దుకాణాలు దోచబడ్డాయి. సిపాయీల వెంట నగరపు రౌడీమూకలూ చేరాయి. 80 ఏళ్ళు దాటిన బహాదుర్ షా జఫర్ మే 12న స్వయంగా ఏనుగు మీద ఊరేగుతూ చాందినీ చౌక్ మీదుగా వెళ్ళి, అంగళ్ళు తెరవవలసిందని వర్తకులను కోరవలసి వచ్చింది. పాదుషా ఏనుగు వీధిలో ఉన్నంతసేపు తలుపులు తెరుచుకున్నాయి, అటు తిరగగానే మూసుకున్నాయి. తరువాతి మాసాలలో ఎన్ని ఉత్తర్వులు వెలువడినా అంగళ్ళ విషయంలో ఇదే వరస. ఏలినవారి మాట వినకూడదనే మొండితనం కాదది. సరుకు తీసుకుపోయేవారు డబ్బు ఇస్తారన్న నమ్మకం లేదు, అంతే.

ఇక్కడ ఫిఖ్హ్ దృష్టితో ఒక మాట చెప్పుకోవడం అవసరం. కరవు సమయంలో ధర పెరగాలని ఆహారధాన్యాన్ని దాచిపెట్టడాన్ని ఇహ్తికార్ అంటారు. దైవప్రవక్త (స) దానిని పాపంగా ప్రకటించారు. అయితే ఆయన్ను ధరలు నిర్ణయించమని కోరినప్పుడు నిరాకరించారన్నదీ హదీసు గ్రంథాలలో ఉన్నది. వర్తకులు హద్దుమీరి ప్రజలను పీడిస్తుంటే, వేరే మార్గం లేనప్పుడు మాత్రమే పాలకుడు కలుగజేసుకోవచ్చునని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. ఢిల్లీ దర్బారులోని విద్వాంసులకు ఇదంతా తెలియనిది కాదు. అయితే దోపిడీ భయంతో తలుపు మూసుకున్నవాడు, లాభాపేక్షతో గిడ్డంగి మూసుకున్నవాడు, ఈ ఇద్దరి తలుపులూ బయటి నుంచి చూస్తే ఒకే రకంగా కనబడతాయి. ఏ తలుపు వెనుక ఎవరున్నారో తేల్చవలసినవాడు కొత్వాలు.

కొత్వాలు అనే ఈ ఉద్యోగి లేనిదే ఆ నాలుగు మాసాలు నగరం నడిచేది కాదు. చాందినీ చౌక్‌లో సునహరీ మస్జిదును ఆనుకుని కొత్వాలీ ఉండేది. దాని క్రింద మొహల్లాల వారీగా థానాలు, ప్రతి థానాకు ఒక థానేదారు, అతని క్రింద బర్కందాజులు. ఈ ఏర్పాటు తిరుగుబాటుదారులు కల్పించినది కాదు, కంపెనీ కాలంలో ఉన్నదే. ప్రభువు మారాడు, దఫ్తరు మారలేదు. ముయీనుద్దీన్ తరువాత ఖాజీ ఫైజుల్లా, ఆయన తరువాత సయ్యద్ ముబారక్ షా కొత్వాళ్ళుగా పనిచేశారు. వీరి చేతుల మీదుగా నడిచిన చీటీలే నేడు మన ముందున్న కాగితాలలో ఒక పెద్ద భాగం.

చీటీలలో ఏముంటుంది? సైన్యానికి కూలీలు కావాలి, పంపండి. మోర్చాలకు పారలు, గునపాలు, గంపలు కావాలి. ఇసుక నింపడానికి గోనె సంచులు కావాలి. ఫిరంగులు లాగడానికి ఎద్దులు కావాలి. గుండ్లు మోయడానికి బండ్లు, గాయపడినవారిని మోయడానికి డోలీలు, డోలీలు ఎత్తడానికి కహారులు, పడుకోబెట్టడానికి నులక మంచాలు కావాలి. భిస్తీలు కావాలి. పాకీవారు కావాలి. గడ్డి కావాలి. పూరీలు వేయడానికి మిఠాయి అంగళ్ళవారు కావాలి. సైనికాధికారి పాదుషాకో, సైనిక సభకో వ్రాస్తాడు. వారు కొత్వాలుకు వ్రాస్తారు. కొత్వాలు థానేదార్లందరికీ వ్రాస్తాడు. థానేదారు వీధిలోకి వెళతాడు. తెల్లవారేసరికి జవాబు తిరుగు ప్రయాణం మొదలుపెడుతుంది. ఈ మొహల్లాలో ఇన్ని మాత్రమే దొరికినవి, మిగతావారు ఇళ్ళు విడిచి పోయారు, కూలీ ముట్టనిదే రాబోమని అంటున్నారు.

మంచాల సంగతి కొంచెం నిదానించి చూడదగినది. వేసవిలో, వానకాలంలో ఢిల్లీ పేదవాని ఇంట్లో ఉండే ఒకే ఒక సామాను నులక మంచం. కలవారి హవేలీ నుంచి పది మంచాలు పోయినా ఇంటివారు నేలమీద తివాచీ పరుచుకుని పడుకోగలరు. పేదవాని మంచం పోతే ఆ ఇంటి ముసలితల్లి తడినేల మీద పడుకోవలసిందే. గాయపడిన సిపాయికి మంచం అక్కర లేదని ఎవరంటారు? అతడు ఆ నగరం కోసమే గాయపడ్డాడు. అవసరం నిజమైనదే. కాని అవసరం ఎంతటిదైనా దానివల్ల ఇతరుల హక్కు రద్దు కాదన్నది ఫిఖ్హ్‌లో ప్రసిద్ధ సూత్రం. ఆకలితో చావబోయేవాడు పరుల అన్నం తిని ప్రాణం నిలుపుకోవచ్చు, కాని దాని వెల బాకీ పడతాడు. ఉస్మానీ ప్రభుత్వం ఆ తరువాత 1869-1876 మధ్య రూపొందించిన మజల్లా అనే న్యాయస్మృతిలో ఈ సూత్రం 33వ అధికరణం. ఢిల్లీలో ఈ బాకీలు ఎన్ని మిగిలిపోయాయో లెక్క కట్టిన వారు లేరు. బాకీ పడినవారు చాలామంది సెప్టెంబరులో చనిపోయారు. బాకీ రావలసినవారు నగరం నుంచి వెళ్ళగొట్టబడ్డారు.

సైనికుల మీదనే నేరం మోపడం కూడా న్యాయం కాదు. సిపాయి వచ్చినది జీతం వదులుకుని. కంపెనీ నెలనెలా ఇచ్చే జీతం మే నెలతో ఆగిపోయింది. చక్రవర్తి ఖజానాలో డబ్బు లేదు; ఆయనే కంపెనీ ఇచ్చే పింఛను మీద బ్రతికినవాడు. సైనికాధికారులు జీతాల కోసం ఒత్తిడి చేయగా తన వెండి సామాను కరిగించుకోండని జఫర్ అన్నట్లు ఆనాటి వ్రాతలు చెబుతున్నాయి. లాలా సాలిగ్రామ్ మొదలైన షావుకార్లను పిలిపించి అప్పు అడిగారు, బెదిరించారు, కొందరిని నిర్బంధించారు కూడా. షాహజాదాలు కొందరు సైన్యం పేరు చెప్పి తమ కోసమే వసూలు చేసుకున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి. నగరాన్ని దోచే షాహజాదా ఎవరైనా సరే ముక్కు చెవులు కోయిస్తానని బఖ్త్ ఖాన్ చక్రవర్తి ముఖం మీదనే చెప్పినట్లు జీవన్ లాల్ వ్రాశాడు. ఈ రావీ ఎవరో పైన చెప్పుకున్నాం. అయినా షాహజాదాల మీది ఫిర్యాదులు అర్జీలలో కూడా కనబడుతున్నందున ఈ మాటను బొత్తిగా కొట్టివేయలేము.

ఈ గందరగోళాన్ని అదుపు చేయడానికి ఒక సభ ఏర్పడింది. జల్సా ఎ ఇంతిజామ్ ఎ ఫౌజీ వ ముల్కీ అని దాని పేరు, సైనిక పౌర పరిపాలనా సభ అని అర్థం. పదిమంది సభ్యులు: ఆరుగురు సైన్యం నుంచి, నలుగురు పౌర పక్షం నుంచి. మెజారిటీ అభిప్రాయం మీద నిర్ణయాలు చేయాలని దాని నియమావళి. పాదుషా పేర నడిచే రాజ్యంలో సిపాయీలు ఓట్లతో నడిచే సభను నెలకొల్పారన్న సంగతి రాజనీతి శాస్త్రజ్ఞులకు ఆసక్తికరం కావచ్చు. వీధిలో బండివానికి మాత్రం చీటీ పంపేవారి సంఖ్య ఒకటి పెరిగింది.

నీళ్ళ సంగతి వేరుగా చెప్పుకోవాలి. యమున ప్రక్కనే ఉన్నా ఢిల్లీ బావులలో చాలావరకు ఉప్పునీళ్ళు. నగరంలోకి మంచినీరు తెచ్చేది పశ్చిమ యమునా కాలువ శాఖ. అది చాందినీ చౌక్ నడుమగా పారేది. బ్రిటిషు సైన్యం నగరం వెలుపల కాలువను ఛేదించడంతో ఆ నీరు నిలిచిపోయింది. ఇక తోలు తిత్తి వీపున వేసుకుని తిరిగే భిస్తీయే దిక్కు. అతడు ఇళ్ళకూ నీళ్ళు పోయాలి, మోర్చాల మీద ఎండలో నిలబడిన తుపాకిదళానికీ నీళ్ళు అందించాలి. గుండ్లు పడే చోటికి ఆయుధం లేకుండా నడిచిపోయిన మనిషి అతడు. ఏ జాబితాలోనూ అతని పేరు ముజాహిదుగా నమోదు కాలేదు. జూలై నెలలో ఢిల్లీ ఉలమాల ఫత్వా ఒకటి సాదిఖుల్ అఖ్బార్‌లో అచ్చయింది. దాని మీద సంతకాలు చేసిన వారిని గురించి నేటికీ చర్చలు జరుగుతున్నాయి. జరగవలసినదే. ఆ చర్చలో భిస్తీకి కూడా ఒక వాక్యం కేటాయిస్తే బాగుంటుంది.

అన్నీ కొరతలే, కలహాలే అనుకుంటే పొరపాటు. ఈ కాగితాలలో మామూలు జీవితమూ ఉన్నది. జూదరులను పట్టుకున్నారు. దొంగిలించిన గేదె దొరికింది. భార్య ఎవరితోనో వెళ్ళిపోయిందని భర్త ఫిర్యాదు చేశాడు. ఒక మొహల్లావారు తమ వీధిలో సిపాయీలు విడిది చేసినందువల్ల ఆడవారు బయటికి రాలేకపోతున్నారని మొరపెట్టుకున్నారు. కోట లోపల మహతాబ్ బాగ్ తోటను కూడా సైనికులు ఆక్రమించుకుని పాడుచేయగా, విసిగిపోయిన జఫర్ తాను ఇక ఫకీరునై మక్కాకు వెళ్ళిపోతానని పలుమార్లు అన్నారు. బాఖిర్ గారి పత్రిక మొదట సిపాయీలను ఆకాశానికెత్తింది. కొన్ని వారాలు గడిచేసరికి, వీరు ఘంటేవాలా మిఠాయిలు రుచి చూసి చాందినీ చౌక్‌లో షికార్లు చేస్తూ పోరు సంగతి మరిచారని ఎత్తిపొడవసాగింది. తన పక్షం వారిని తానే విమర్శించుకునే ధైర్యం పత్రికా సంపాదకులలో అరుదు. ఆ విషయంలో బాఖిర్ గారు ఈనాటివారికి కూడా మార్గదర్శకులే.

ఆగస్టు మొదట్లో బక్రీదు వచ్చింది. పహాడీ మీద ఉన్న ఇంగ్లీషు అధికారులు ఆ దినం కోసం ఎదురుచూశారు. ఆవుల ఖుర్బానీ విషయమై హిందూ ముస్లిములు తమలో తాము కొట్టుకుంటారని, తమ పని సులువవుతుందని వారు ఇళ్ళకు వ్రాసుకున్న ఉత్తరాలలోనే ఉన్నది. ఆ మాట ఢిల్లీ దర్బారుకు తట్టకపోలేదు. గోవధ చేసినవారికి మరణశిక్ష అని దండోరా వేయించారు. అంతటితో ఊరుకోక, ముస్లిముల ఇళ్ళలోని ఆవులనన్నిటినీ లెక్కించి కొత్వాలీలో కట్టివేయాలని ఉత్తర్వు వచ్చింది. ఇక్కడ కొత్వాలు ముబారక్ షా ఇచ్చిన జవాబు దఫ్తరు బుద్ధికి మంచి ఉదాహరణ. అన్ని ఆవులను కట్టివేయడానికి కొత్వాలీలో చోటు లేదు, దానికి బదులు ఆవులు ఉన్నవారి వద్ద నుంచి ముచ్చలికలు వ్రాయించుకుంటే సరిపోతుంది అన్నాడు. అలాగే జరిగింది. పండుగ ప్రశాంతంగా గడిచింది. పహాడీ మీది వారు నిరాశ చెందారు. ఖుర్బానీకి మేక, గొర్రె ఉండనే ఉన్నాయి. షరీఅతు ఆవునే కోయమని ఎవరినీ నిర్బంధించలేదు. ఐక్యతను గురించి నేడు సభలలో వినబడే ఉపన్యాసాల కంటే ఆ ముచ్చలికల కట్ట ఎక్కువ బరువైనది.

అయితే పండుగ జరిగిన వారం రోజులకే నగరం మరొక ముఖం చూపించింది. ఆగస్టు 7న చూడీవాలాన్ ప్రాంతంలోని మందుగుండు కర్మాగారం పేలిపోయి అక్కడ పనిచేస్తున్నవారు అనేకులు మాడిపోయారు. ప్రమాదమా, ద్రోహమా అని విచారించే ఓపిక ఎవరికీ లేకపోయింది. చక్రవర్తి వైద్యుడు హకీమ్ అహ్సనుల్లా ఖాన్ మీద అనుమానం పడింది. సిపాయీలు ఆయన ఇల్లు దోచి తగలబెట్టారు. ఆయన ఇంగ్లీషువారితో లోపాయికారీ సంబంధాలు నడిపినవాడేనన్నది వేరు సంగతి. కాలిపోయిన కూలీల కుటుంబాల మాట ఆ కోలాహలంలో ఎవరికీ గుర్తు రాలేదు.

సెప్టెంబరు 14న బ్రిటిషు సైన్యం కశ్మీరీ దర్వాజాను బద్దలుకొట్టి లోపలికి వచ్చింది. వారం రోజుల వీధిపోరాటం తరువాత నగరం పూర్తిగా వారి వశమైంది. హుమాయూన్ సమాధి వద్ద జఫర్ లొంగిపోయారు. అంతవరకు రోజూ వ్రాయబడుతూ వచ్చిన చీటీలు అక్కడితో ఆగిపోతాయి. కూచా చేలాన్ మొహల్లాలో జరిగిన ఊచకోతలో ఢిల్లీ కాలేజీ అధ్యాపకుడు, పారసీ పండితుడు ఇమామ్ బఖ్ష్ సహ్‌బాయీ తన కుమారులతో సహా హతుడయ్యాడు. మౌల్వీ బాఖిర్ గారిని చంపివేశారు. ఆ తరువాతి దినాలకు కొత్వాలు కాగితాలు లేవు గనుక గాలిబ్ పుస్తకమే ఆధారం. మెప్పు కోసం వ్రాసినదే అయినా, తన వీధిని గురించి చెప్పిన చోట ఆయన మాట నమ్మదగినది. అబద్ధం చెప్పడానికి అక్కడ ఆయనకు ఏ లాభమూ లేదు. బల్లీమారాన్‌లో ఆయన ఉన్న గల్లీలోనే పటియాలా మహారాజు కొలువులోని హకీముల ఇళ్ళున్నందున మహారాజు పంపిన కాపలావారు ఆ గల్లీని కాపాడారు. గల్లీవారు ద్వారం మూసి రాళ్ళు పేర్చుకున్నారు. నీళ్ళు అయిపోయినవి. వాన కురిస్తే దుప్పటి నాలుగు మూలలా కట్టి, క్రింద కుండలు పెట్టి, ఆ నీరు పట్టుకున్నారు. అక్టోబరులో ఆయన తమ్ముడు మీర్జా యూసుఫ్ చనిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా మతిస్థిమితం లేని మనిషి. కఫన్ గుడ్డ కొనడానికి అంగడి లేదు, స్నానం చేయించేవాడు లేడు, గోరీ త్రవ్వేవాడు లేడు. ఇంట్లో ఉన్న తెల్ల దుప్పట్లలో చుట్టి దగ్గరలోని మస్జిదు ఆవరణలో ఖననం చేశారు.

నగరవాసులందరినీ కోట గోడల వెలుపలికి తరిమివేశారు. ఆ చలికాలమంతా కుతుబ్ వద్ద, నిజాముద్దీన్ వద్ద, చుట్టుప్రక్కల శిథిలాలలో తల దాచుకున్నారు. 1858లో మొదట హిందువులను రానిచ్చారు. ముస్లిములకు ఆ అనుమతి ఆలస్యంగా, టికెట్టు మీద లభించింది. కోటకూ జామె మస్జిదుకూ మధ్యనున్న బస్తీలు, అక్బరాబాదీ మస్జిదుతో సహా, నేలమట్టమైనవి. సైనికుల విడిదిగా మారిన జామె మస్జిదు 1862లో గాని నమాజుకు తిరిగి దక్కలేదు. ఫతేపురీ మస్జిదును వేలం వేయగా ఒక వర్తకుడు కొనుక్కున్నాడు. అది 1877లో తిరిగి వచ్చింది.

నగరం విడిచిన వారిలో విద్యావంతులు కొందరు రాంపూర్, అల్వర్, జైపూర్ సంస్థానాల మీదుగా చివరికి హైదరాబాదు చేరారు. జఫర్ కొలువులో ఉండిన జహీర్ దెహ్లవీ ఆ రోజుల జ్ఞాపకాలను దాస్తానె గదర్ అనే పేరుతో గ్రంథస్థం చేశాడు. ఆయన 1911లో హైదరాబాదులో కన్నుమూశాడు. కోటలోనే పెరిగిన దాగ్ దెహ్లవీ ఆరవ నిజాము గురువై 1905లో ఆ నగరంలోనే మరణించాడు. ఆయన సమాధి నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ఆవరణలో ఉన్నది. 1857 జూలై 17న రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నగరానికి ఢిల్లీ శోకం ఈ విధంగా సాహిత్యరూపంలో చేరింది. నగర వినాశనం మీద కవులు వ్రాసిన పద్యాలను 1863లో ఫుగానె దెహ్లీ అనే సంకలనంగా అచ్చువేశారు. వాటిలో ప్రధానంగా వినబడేది షరీఫుల దుఃఖం. పాడుపడిన హవేలీలు, చెదిరిన ముషాయిరాలు. ఆ దుఃఖం నిజమైనదే. కాని కోరీలకు, కహారులకు, భిస్తీలకు ముషాయిరా ఉండదు. వారికి ఉన్నది అర్జీ మాత్రమే.

ఆ అర్జీలు మనదాకా రావడానికి కారణం వాటిని ప్రేమతో దాచినవారు కాదు. 1858 జనవరి 27న దివానె ఖాస్‌లో బహాదుర్ షా మీద విచారణ మొదలైనది. నేరం రుజువు చేయడానికి సాక్ష్యం కావాలి గనుక కోటలోనూ కొత్వాలీలోనూ దొరికిన కాగితాలనన్నిటినీ పోగు చేశారు. జేమ్స్ మర్ఫీ అనే దుబాసీ వాటిలో కొన్నిటిని ఇంగ్లీషులోకి మార్చాడు. చేవ్రాతలు ఎవరివో హకీమ్ అహ్సనుల్లా ఖాన్ కోర్టులో గుర్తించి చెప్పాడు. హత్య, అప్పు, సైనిక వ్యవహారం, జీతం అని శీర్షికలు పెట్టి కాగితాలను విభజించారు. వీటిలో దేనికిందికీ రానివాటికి ఇతరములు అని ఒక శీర్షిక ఉన్నది. మార్చి 9న విచారణ ముగిసింది. జఫర్ రంగూన్‌కు పంపబడి 1862లో అక్కడ మరణించారు. మంచాలకు, బండ్లకు, భిస్తీల కూలికి సంబంధించిన వేలాది చీటీలు ప్రాసిక్యూటరుకు పనికిరాలేదు. పాదుషా రాజద్రోహాన్ని అవి రుజువు చేయవు. వాటిని తిరిగి మూటకట్టి పెట్టారు. 1921 నాటి జాబితాలో వాటికి తలా ఒకటి రెండు పంక్తులు కేటాయించబడ్డాయి: తేదీ, ఎవరి నుంచి, ఎవరికి, ఏ విషయమై.